మైసూరోళ్ల కోటా, మన కోటా? దిండిగల్ బండ మీద ఒక పూట

పళని పోయే మనవాళ్లందరూ దిండిగల్ కోటను చూసే ఉంటారు, బస్సు కిటికీలోంచి. ఊరి మధ్యలో చెట్టూ చేమా లేని పెద్ద బండ, దాని నెత్తిన గోడ. "అదిగో కోట" అని పిల్లలకు చూపిస్తాం, బస్సు మలుపు తిరుగుతుంది, అంతటితో సరి. ఒట్టన్‌చత్రంలో మా కుటుంబం ఎన్ని తరాలుగా ఉందో లెక్క చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. అయినా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ కోట ఎక్కినవాళ్లు మాకు ముందు తరంలో ఇద్దరో ముగ్గురో. మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము ఎక్కినాము. పిల్లలు, ఆడవాళ్లు, పెద్దనాయనతో కలిపి తొమ్మిదిమందిమి. ఇక్కడ రాస్తున్నది ఆ పూట చూసినదాని గురించి కొంత, ఇంటికొచ్చినాక చదువుకున్నదాని గురించి ఎక్కువ.

మాలో సగంమందిమి కన్నడ మీడియంలో చదివినవాళ్లం. నాయన ఉద్యోగం అటువైపు కావడంతో బడి అంతా అక్కడే జరిగింది. తెలుగు అక్షరాలు ఉద్యోగాల్లో చేరినాక నేర్చుకున్నాం. కన్నడ లిపి వచ్చినవాళ్లకు అది రెండు వారాల పని, ఆ ధైర్యంతోనే ఇదంతా రాయడం. కన్నడ పాఠంలో దిండిగల్ అనే మాట ఒకే ఒక్క వాక్యంలో వచ్చేది: హైదర్ అలీ దిండిగల్ ఫౌజుదారు అయినాడు. పరీక్షల్లో ఖాళీలు పూరించమని అడిగేవాళ్లు, మేము పూరించేవాళ్లం. ఎండాకాలం సెలవులకు ఒట్టన్‌చత్రం వస్తే సంగతి వేరు. అన్నం తినకుండా పరిగెడితే అవ్వ అనేది: "మైసూరోడు వస్తాడు, ముక్కు కోసకపోతాడు, ఉండు!" బడిలో హైదర్ మా వీరుడు, ఇంట్లో మైసూరు అంటే ముక్కులు కోసే దేశం. ఇదెట్లా అని అప్పట్లో అడగలేదు. ఇప్పుడు మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే ప్రోగ్రాం రెండు మెషిన్లలో రెండు రకాలుగా నడిస్తే ఎవరిది తప్పు అని కొట్లాడము, ఆ రెండు మెషిన్ల మధ్య తేడా ఏముందో వెతుకుతాం. కోట విషయంలోనూ అదే చేద్దామనుకున్నాము.

ముందు ఆ బండ ఎక్కడుందో చూడాలి. మ్యాపులో దిండిగల్ ఒక చుక్క, దాన్ని చూస్తే ఏమీ తెలియదు. పైన నిలబడితే తెలుస్తుంది. పడమటి వైపు పళని కొండలు, తూర్పు వైపు సిరుమలై, ఆ రెండింటి నడుమ చదును నేల. వాయవ్యంలో కోయంబత్తూరు సీమ, దాని పైన సత్యమంగలం, అక్కడి నుంచి కనుమ ఎక్కితే మైసూరు. అటు నుంచి మధుర మీదికి దండు దిగాలంటే, ఎడ్లబండ్లూ ఫిరంగులూ లాక్కుని రావాలంటే, ఈ కొండల సందే అనువైన దారి. ఇక్కడ ఆపగలిగితే ఆపినట్టు, లేకపోతే మధుర అరవై చిల్లర కిలోమీటర్లే. అందుకే ఇది రాజులు కాపురముండే కోట కాదు. సరిహద్దు కాపలా కోట. అంతఃపురాలు, తోటలు వెతికేవాళ్లకు ఇక్కడ నిరాశే. ఉన్నవన్నీ మందుగుండు కొట్లు, సిపాయిల గదులు, గుర్రపుశాల, వాననీళ్లు పట్టుకునే గుంటలు.

పేరు గురించి ఒక మాట. తమిళంలో తిండు అంటే మన దిండే, కల్ అంటే రాయి. దిండు ఆకారంలో ఉన్న రాయి గనక దిండుక్కల్. కన్నడంలో దిండుని దింబు అంటారు, రాయిని కల్లు అంటారు. కాబట్టి మాకు ఈ పేరు పుట్టుక చెప్పకుండానే అర్థమైంది. తెలుగు మాత్రమే తెలిసిన మా చెల్లెలి భర్త మాత్రం "దిండూ కల్లూనా? భలే ఊరే" అని నవ్వినాడు.

కోట కట్టించింది మధుర నాయకరాజుల్లో ముత్తుకృష్ణప్ప నాయకుడు, 1605లో. తరువాత తిరుమల నాయకుడు దాన్ని ఇంకా గట్టిపరిచినాడు. దానికి ముందే, 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడూ అతని దళవాయి అరియనాథ మొదలియారూ కలిసి రాజ్యాన్ని 72 పాళెములుగా పంచినారు. పాళెగాడు తన సీమలో వచ్చిన రాబడిలో ఒక వంతు మధురకు కట్టాలి, ఒక వంతుతో దండుని పోషించాలి, మిగిలిన వంతు తనది. చాలా పాళెములు విజయనగరం దండుల వెంట దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్లవి. దిండిగల్ చుట్టుపక్కల విరూపాక్షి, కన్నివాడి, ఇడయకోట, ఆయకుడి, అమ్మయనాయకనూరు, నిలకోట, ఇవన్నీ ఒకప్పటి పాళెములే. ఈ పేర్లు ఒట్టన్‌చత్రంలో ఉండేవాళ్లకు బస్సు బోర్డు మీద రోజూ కనిపించేవి. విరూపాక్షి అంటే ఇప్పుడు అందరికీ కొండ అరటిపండు గుర్తొస్తుంది, పళని పంచామృతంలో వేసేది అదే. ఊరి పేరు వింటే మాత్రం హంపి విరూపాక్షుడే మనసులో మెదులుతాడు.

ఇక అవ్వ చెప్పిన ముక్కుల సంగతి. అది పిల్లల్ని బెదిరించడానికి పుట్టించిన కథ కాదు. తిరుమల నాయకుడి చివరి రోజుల్లో, అంటే 1650ల్లో, మైసూరు రాజు కంఠీరవ నరసరాజ ఒడెయరు దండు సత్యమంగలం మీదుగా దిగి మధుర దాకా వచ్చింది. దారిలో దొరికినవాళ్ల ముక్కులు కోసి మూటలు కట్టి మైసూరు పంపినారు. ఆడా మగా పిల్లలూ అని చూడలేదు. ఆ కాలంలో మధుర సీమలో ఉన్న జెస్యూట్ పాదరీలు తమ ఉత్తరాల్లో దీన్ని రాసిపెట్టినారు. తమిళంలో దీనికి మూక్కరుప్పు పోర్ అని పేరే ఉంది. తిరుమల నాయకుడు మంచం పట్టి ఉంటే రామనాథపురం సేతుపతి దండు తెచ్చి ఆదుకున్నాడు. అవ్వ చెప్పని రెండో సగం ఒకటుంది. మైసూరు దండు వెనక్కి మళ్లినాక, మధుర దండు తిరుమల నాయకుడి తమ్ముడి నాయకత్వంలో మైసూరు సీమలోకి చొరబడి అక్కడివాళ్ల ముక్కులు కోసింది. అంటే మైసూరు పల్లెల్లో కూడా ఏదో ఒక అవ్వ "మధురోడు వస్తాడు" అని మనవళ్లని బెదిరించే ఉంటుంది. ఈ రెండో సగం చెప్పినప్పుడు పెద్దనాయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "మనోళ్లూ చేసినారా?" అన్నాడు. మనోళ్లే. ముక్కు కోసే కత్తికి భాష ఏముంటుంది.

కోట ఇప్పుడు కేంద్ర పురావస్తుశాఖ చేతిలో ఉంది. టికెట్టు తీసుకుని లోపలికి పోతే బండలోనే తొలిచిన మెట్లు, ఎత్తు తక్కువ, వాలు నిదానం. పిల్లలు పరుగెత్తినారు, మోకాళ్లు నొప్పులున్న పెద్దనాయన కూడా ఆగి ఆగి ఎక్కేసినాడు. పొద్దున్నే పోవడం మంచిది. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, పైన నీడ తక్కువ, నీళ్లు మీరే మోసుకుపోవాలి. మలుపు మలుపుకీ పైనున్న గోడ మన నెత్తి మీదికి వస్తుంది. కిందనుంచి ఎక్కేవాడు ఎంతసేపు గోడ మీది వాడి చూపులో ఉంటాడో నడిస్తే తెలుస్తుంది. గోడలో తుపాకీ పెట్టే కంతలు, బురుజుల మీద ఫిరంగులు నిలిపే జాగాలు, ఇవి చూసినాక పిల్లలకు పాఠం చెప్పే పని పడలేదు. కంతలో కన్ను పెట్టి ఒకరినొకరు గురిచూసుకున్నారు. గోడ సున్నం మీద పేర్లు చెక్కే ప్రేమికుల గురించి రాయడం దండగ, అది ప్రతి కోటలోనూ ఉన్నదే.

నెత్తిన ఒక రాతి గుడి ఉంది. స్తంభాలు బాగున్నాయి, గర్భగుడి ఖాళీ. అమ్మవారు ఇప్పుడు కింద ఊళ్లో ఉంది, అభిరామి అమ్మన్ కోవెలలో. ఆ కోవెలలో స్వామి పేరు కాళహస్తీశ్వరుడు. సువర్ణముఖి ఒడ్డున ఉన్న మన శ్రీకాళహస్తి స్వామి పేరే. కంబం లోయలో ఉత్తమపాళెంలో కూడా కాళాత్తీశ్వరుడు ఉన్నాడు, దాన్ని దక్షిణ కాళహస్తి అంటారు. ఇంటి పేర్లు మరిచిపోయినా ఇలాంటి పేర్లు మిగులుతాయి.

ఇప్పుడు మా కన్నడ పాఠంలోని ఆ ఒక్క వాక్యానికి వద్దాం. మధుర నాయకుల రాజ్యం 1736లో పోయింది. 1742లో మైసూరు దండు దిండిగల్ పట్టుకుంది. మైసూరుని ఆపడానికి కట్టిన కోటలో మైసూరే కూర్చుంది. కానీ చుట్టూ ఉన్న పాళెగాళ్లు ఆ దొరతనానికి సరిగ్గా కప్పం కట్టలేదు, ఒకరి తరువాత ఒకరు వచ్చిన అధికారులకు లొంగలేదు. 1755లో హైదర్ అలీని ఫౌజుదారుగా పంపింది ఆ పని మీదే. పాఠంలో లేని మాట ఇదే. హైదర్ దిండిగల్ వచ్చింది మన పాళెములను అణచడానికి. కొద్ది నెలల్లోనే అణచినాడు కూడా. ఫ్రెంచివాళ్లను పిలిపించి ఇక్కడే ఆయుధశాల పెట్టించినాడు, ఫిరంగుల దళాన్ని తయారుచేసినాడు. ఆరేళ్లు తిరిగేలోపు, 1761కి, మైసూరు రాజ్యం అతని చేతిలోకి వచ్చింది. అతని మొదటి సొంత బలం, సొంత డబ్బు పోగైంది ఈ బండ కిందనే.

ఆ డబ్బు ఎట్లా పోగైందో చెప్పే కథ ఒకటి మార్క్ విల్క్స్ రాసిన మైసూరు చరిత్రలో ఉంది. యుద్ధంలో గాయపడిన సిపాయికి నయమయ్యేదాకా మైసూరు ఖజానా ప్రత్యేకంగా భత్యం ఇచ్చేది. పాళెగాళ్లతో జరిగిన కొట్లాటలో నిజంగా గాయపడినవాళ్లు 67 మంది. శ్రీరంగపట్నం నుంచి లెక్క చూడడానికి అధికారి వచ్చేసరికి హైదర్ ఇంకో 700 మందికి పసుపు గుడ్డలు కట్టించి వరసగా చూపించినాడట. విల్క్స్ ఇంగ్లీషువాడు, హైదర్ మీద ప్రేమ ఉన్నవాడేమీ కాదు, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా పద్దులు చూసే ఉద్యోగాల్లో ఉన్న మావాళ్లు ఇది విని నవ్వి నవ్వి చచ్చినారు. ఇప్పటి ఆఫీసుల్లో పసుపు గుడ్డలు లేవుగాని ఆ కళ అట్లనే ఉందని ఒకరన్నారు.

ఇక్కడిదాకా చూస్తే అవ్వ మాటే నిజం, మైసూరు మనకు పగవాడు. కానీ కథ ఇక్కడ ఆగదు. 1772లో కుంపిణీ దండూ ఆర్కాటు నవాబు దండూ కలిసి కాళయార్‌కోవిల్ దగ్గర శివగంగ రాజు ముత్తువడుగనాథుణ్ని చంపినాయి. అతని రాణి వేలు నాచియార్ కూతుర్ని తీసుకుని పారిపోయి వచ్చింది విరూపాక్షికి. అక్కడి పాళెగాడు గోపాల నాయకుడు ఆమెకు సుమారు ఎనిమిదేళ్లు ఆశ్రయమిచ్చినాడు. నవాబూ కుంపిణీ వెతుకుతున్న మనిషిని అన్నేళ్లు దాచడమంటే చిన్న సంగతి కాదు. ఊరంతా నోరు మూసుకుని ఉంటే తప్ప కుదరదు. ఆ రోజుల్లో దిండిగల్ హైదర్ చేతిలో ఉంది. రాణి దిండిగల్‌లో హైదర్‌ని కలిసి సాయం అడిగింది, అతనితో ఉర్దూలోనే మాట్లాడిందని చెబుతారు. హైదర్ దండుని ఇచ్చినాడు, 1780లో ఆమె శివగంగను తిరిగి గెలుచుకుంది. తమిళ రాణి, తెలుగు పాళెగాడు, మైసూరు నవాబు. పదిహేడేళ్ల కిందట హైదర్ అణచిన విరూపాక్షే ఇప్పుడు అతని వైపు నిలబడింది. ఇందులో వింతేమీ లేదని మాకనిపిస్తుంది. పగవాడు మారినాడు, అందుకే చుట్టం మారినాడు.

దిగి వచ్చినాక బేగంపూరు పోయినాము. హైదర్ చెల్లెలు అమీరున్నీసా బేగం సమాధి అక్కడి మసీదు దగ్గర ఉంది, పేట పేరు ఆమెదే. కోటలో కాపురమున్న మైసూరువాళ్లలో ఈ ఊళ్లో పేరుగా మిగిలింది ఆమే.

ఆ తరువాత కోట చేతులు మారిన తీరు గుర్తుపెట్టుకోవడం కష్టం. మొదటి మైసూరు యుద్ధంలో 1767లో కుంపిణీ పట్టుకుంటే, మరుసటి ఏడే హైదర్ తిరిగి తీసుకున్నాడు. 1783లో మళ్లీ కుంపిణీ, 1784 మంగళూరు ఒప్పందంతో మళ్లీ టిప్పు. చివరికి 1790 ఆగస్టులో కర్నల్ జేమ్స్ స్టువర్టు ముట్టడించి పట్టుకున్నాడు, 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో దిండిగల్ సీమంతా కుంపిణీకి రాసిచ్చేసినారు. స్టువర్టు వెంట వచ్చింది మద్రాసు దండు. ఆ రోజుల్లో మద్రాసు దండులో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవాళ్లు. గోడకు ఈ పక్కా ఆ పక్కా కూడా తెలుగులోనే తిట్టుకుని ఉంటారేమో అని మా తమ్ముడి ఊహ. ఊహే అయినా కొట్టిపారేయలేం.

ఇంట్లో దీని మీద చాలా వాదన జరిగింది. "కట్టింది నాయకులు, కాబట్టి ఇది తెలుగోళ్ల కోట, పిల్లలకి అట్లనే చెప్పాల" అని పెద్దనాయన. మా మాట వేరు. కట్టించినవాడు తెలుగు మాట్లాడే రాజు, నిజమే. రాయి మోసింది, బండ తొలిచింది చుట్టుపక్కల పల్లెల జనం, వాళ్లలో అన్ని భాషలవాళ్లూ ఉంటారు. కంబం వైపు ఇప్పటికీ ఇంట్లో కన్నడం మాట్లాడే కప్పిలియర్లు మన పక్కింటివాళ్లే కదా. మన కోట అని పలక తగిలించుకుంటే, హైదర్ పాళెములను అణచింది చెప్పొచ్చు, కానీ అదే హైదర్‌తో మనవాళ్లు చేతులు కలిపింది చెప్పడం ఇబ్బందవుతుంది. మైసూరు వీరుడి కోట అని చెబితే పాళెగాళ్లు "తిరగబడిన కొందరు" అనే మాటలోకి కుదించుకుపోతారు. తమిళ పాఠంలో గోపాల నాయకుడు ఉన్నాడు, ఇంట్లో అతను మాట్లాడిన భాష లేదు. ఆంధ్ర, తెలంగాణ పిల్లల పుస్తకాల్లో మేము వెతికినంతలో మన ఊళ్లే కనబడలేదు. ఎవరి పుస్తకం వాళ్లకు కావలసినంత వరకే చెప్పింది. మొత్తం చెప్పే పని ఇళ్లల్లో జరగాలి, కానీ అవ్వలు పోతున్నారు. మా పిల్లలకు తెలుగు చెవికి వస్తుంది, కంటికి రాదు. అందుకే మేము తొందరపడుతున్నాం.

గోపాల నాయకుడి చివరి సంగతి ఈ వాదనకు ఎవరిచ్చిన జవాబుకంటే పెద్దది. 1799లో టిప్పు శ్రీరంగపట్నంలో చనిపోయినాక కుంపిణీకి దక్షిణాన ఎదురు లేకపోయింది. పాళెములకు కప్పం పెంచింది, కట్టలేనివాటిని లాగేసుకుంది, ఆయుధాలు అప్పగించమంది. అప్పుడు దిండిగల్ సీమ పాళెగాళ్లను కూడగట్టింది విరూపాక్షి గోపాల నాయకుడు. చరిత్రకారులు దీన్ని దిండిగల్ కూటమి అంటారు. శివగంగ మరుదు సోదరులు అతనితో కలిసినారు, కోయంబత్తూరు సీమవాళ్లు కలిసినారు. పైన కన్నడ దేశంలో కుంపిణీ మీద తిరగబడిన దోండియా వాఘ్‌కు కబుర్లు పోయినాయి. దోండియా వాఘ్ పేరు చూసి మేము ఆగిపోయినాము. అది కన్నడ బడిలో విన్న పేరు. మా బడి పుస్తకానికీ మా ఊరి పక్క పాళేనికీ మధ్య ఒకప్పుడు మనుషులు ఉత్తరాలు మోసుకుంటూ కనుమలు ఎక్కి దిగినారన్నమాట. ముక్కులు కోసుకున్న ఆ దారిలోనే.

1800 ఏప్రిల్‌లో విరూపాక్షిలో సమావేశమై, కోయంబత్తూరులోని కుంపిణీ గుర్రపుదళం మీద దెబ్బ తీయాలని నిర్ణయించుకున్నారు. 1800 జూన్ 3న ఆ దాడి జరిగింది, విఫలమైంది, పట్టుబడినవాళ్లను ఉరితీసినారు. సెప్టెంబరులో దోండియా వాఘ్ ఆర్థర్ వెల్లెస్లీ దండు చేతిలో చనిపోయినాడు. అదే వెల్లెస్లీ తరువాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. గోపాల నాయకుడు కొండల్లో తప్పించుకు తిరిగినాడు, పట్టిచ్చినవాళ్లకు కుంపిణీ బహుమానం ప్రకటించింది. 1801లో పట్టుబడినాడు. దిండిగల్‌లోనే ఉరితీసినారు. అదే ఏడు అక్టోబరు 24న తిరుప్పత్తూరులో మరుదు సోదరుల్ని కూడా.

ఉరితీసిన చోటు గోపాలసముద్రం చెరువుగట్టు అని ఊళ్లో చెబుతారు, చెరువుకి ఆ పేరు అతనివల్లే వచ్చిందంటారు. చింతచెట్టుకు వేలాడదీసినారని పెద్దనాయన తన తాత దగ్గర విన్నాడు. చెట్టు ఇప్పుడు లేదు. మధురకు వాకిలిగా తెలుగు రాజు కట్టించి, మైసూరు ఆక్రమించి, కుంపిణీ గెలుచుకున్న ఆ కోట కిందనే పాళెగాణ్ని చంపినారు. విరూపాక్షిలో తమిళనాడు ప్రభుత్వం అతనికి మణిమండపం కట్టించింది, ఒట్టన్‌చత్రం నుంచి పళని పోయే దారిలోనే, బస్సు దిగితే దగ్గర. వచ్చే సెలవుల్లో అక్కడికి పోతాము. అక్కడి తమిళ పలక చదివి పిల్లలకు తెలుగులో చెప్పే పని పెద్దనాయన ఒప్పుకున్నాడు, హైదర్ సంగతి కూడా కలిపి చెప్పాలనే షరతు మీద.